మంటకు కాలని దూది

పోయిన వారం నా చేతిలో సూది ఉంది, ఒళ్లో దిండు ఉంది, గుమ్మంలో ఆగయ్య కాకా ఉన్నాడు. "బిడ్డా, ఆ దిండును కదిలియ్యకు" అన్నాడాయన. సరిగ్గా అక్కడ ఆపేశాను. నన్ను తిట్టుకున్నవాళ్లు ఉండే ఉంటారు. తిట్టుకోండి, కడుపునిండా వండిపెట్టి కూడా తిట్లు తినే వృత్తే నాది. కొత్తగా వచ్చినవాళ్లకు మాత్రం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

నా పేరు సుభాషిణి. సూరత్‌లో, పాండేసరలో మెస్సు నడుపుతాను. మా ఆయన పరుశురాం మగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. ఈ ఏడాది ఏప్రిల్‌లో, రెండో కరోనా ఊరిని ఊడ్చేస్తున్నప్పుడు, ఆయనకు ఊపిరి అందక ఆసుపత్రిలో పడ్డాడు. ఆసుపత్రిలో ఆక్సిజన్ నిండుకుంది. మా గది వెనక గోడకు ఆనుకొని విశ్వనాథం గారి పాత ఇనుము యార్డు ఉంది. రాజమండ్రి వైపు మనిషి. పాత కట్టడాలు కూల్చి, ఇనుము కోసి అమ్ముతారు. ఇనుము కోయాలంటే ఆక్సిజనే కావాలి. ఆయన పదకొండు రోజులు కోత పని బంద్ పెట్టి, ఉన్న సిలిండర్లన్నీ ఆసుపత్రికి పంపించారు. డాక్టర్లు వాటిని శుభ్రం చేయించి, మళ్లీ నింపించి వాడారు. మా ఆయనతో పాటు ఇంకో ఆరుగురు బతికి బట్టకట్టారు. ఆ రోజు నుంచి నా మెస్సులో పొయ్యి మీంచి దించిన మొదటి గిన్నెలో మొదటి వడ్డన విశ్వనాథం గారి డబ్బాలోకే వెళ్తుంది. ఎవరూ అడగలేదు, నేనే పెట్టుకున్నాను.

మరి ఆ దిండు? అది కూడా ఆయన చలవే. ఆయన కొడుకు అర్జున్, మహారాష్ట్రలో చాందా అవతల అడవిలో మూతబడ్డ ఒక బొగ్గు గనిలో కట్టడాలన్నీ కూల్చే పని పట్టాడు. అక్కడి బాయిలర్ గదిలోంచి పీకిన ఆవిరి గొట్టాలు లారీల్లో మా వెనక యార్డుకు రావడం మొదలై పది రోజులైంది. పాండేసర అద్దకం మిల్లులకు అలాంటి గొట్టాలు ఎప్పుడూ కావాలి. ఆ గొట్టాల చుట్టూ చలికి కప్పినట్టు తెల్లటి మెత్తటి దూది, దాని మీద ముతక బట్ట. కూలీలు ఒలిచి ఓ మూల పోస్తుంటే చూసి నా ప్రాణం ఉసూరుమంది. అడిగాను. "తీసుకోమ్మా, పారేసేదే కదా" అన్నారు విశ్వనాథం గారు.

ఇక్కడే నా తెలివి చెప్పాలి. సూరత్‌లో బతికే మగ్గపోళ్లకు ఒక అలవాటు ఉంది. ఏ దారం చేతికొచ్చినా అగ్గిపుల్ల గీసి కొస అంటిస్తాం. కరిగి పూసలా ముడుచుకుంటే పాలిస్టర్. కాలి బూడిదైతే నూలు. వెంట్రుక కాలిన కంపు కొడితే పట్టు. రింగ్ రోడ్ బట్టల సేఠ్ ఎన్ని కబుర్లు చెప్పినా మా నమ్మకం అగ్గిపుల్ల మీదే. నేనూ అలాగే ఆ దూదికి నిప్పు పెట్టి చూశాను. కరగలేదు, కాలలేదు, కంపు కొట్టలేదు. ఎర్రబడి, మళ్లీ తెల్లగా నన్నే చూసింది. "అబ్బ, ఏం సరుకు! పొయ్యి దగ్గర పెట్టినా భయం లేదు" అనుకున్నాను. ఓ సంచి నింపుకొని, ఇంటికి రాబోతున్న మొగుడికి దిండు కుట్టడానికి కూర్చున్నాను. ఇంతకంటే తెలివైన పెళ్లాం ఎక్కడైనా ఉంటే చూపించండి.

ఇదీ సంగతి. ఆగయ్య కాకా విశ్వనాథం గారి యార్డుకు కాపలాదారు. అంతకుముందు గోదారి ఒడ్డున ఒక పాత బొగ్గు బాయిలో, అంటే గనిలో, ముప్పై ఏళ్లు పనిచేశాడు. రెండు నెలలు సొంతూళ్లో ఉండి, ఆ పొద్దునే రైలు దిగాడు. గుమ్మంలోంచే నా ఒళ్లో ఉన్నదాన్ని చూశాడు. మా పక్క గది గంగవ్వ పెద్దమ్మ నాకు సాయంగా కూర్చొని దూది పాయలు తీస్తోంది.

"పెద్దవ్వా, నువ్వు గూడ చెయ్యి తియ్యి" అన్నాడు కాకా. "దులుపకుర్రి. చీపురు ముట్టకుర్రి. బక్కెట్ల నీళ్లు తెస్త."

"ఏందిరా నీ లొల్లి? దూదిల పామున్నదా?" అంది గంగవ్వ.

"పాము నయం. కరిస్తె అప్పుడే తెలుస్తది."

ఆయన నీళ్లు తెచ్చి దిండు మీద, సంచి మీద, నేల మీద మెల్లగా చిలకరించాడు. దూది తడిసి ముద్దయ్యాక ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి బిగించి, దాన్ని ఇంకో కవరులో పెట్టాడు. చేతులు కడుక్కోమన్నాడు, చీరలు మార్చుకొని వాటినీ నీళ్లలో నానబెట్టమన్నాడు. అంతా అయ్యాకే కూర్చున్నాడు.

"ఇది దూది కాదు బిడ్డా. రాయి. రాతినార. ఆస్బెస్టాస్ అంటరు. బాయి కాడ బాయిలర్ గొట్టాలకు చుట్టేది. కంటికి కానరాని ముండ్లు ఉంటయి దీంట్ల. ఊపిరితోని లోపటికి పోతయి, మళ్ల బయటికి రావు."

"అగ్గిల గూడ కాలలేదు కాకా, మంచిదనుకున్న" అన్నాను, మొహం చెల్లక.

"అగ్గి కాల్చలేనిదాన్ని మన తిత్తులు అరిగించుకుంటయా?"

ఆ రోజు మధ్యాహ్నం మా ఆయన ఇంటికి రావాలి. నలభై ఒక్క రోజుల తర్వాత. "లంగ్స్ ఇప్పుడిప్పుడే మానుతున్నాయి, ఇంట్లో పొగ, దుమ్ము లేకుండా చూసుకో" అని డాక్టర్ ఉషాదేవి గారు తెలుగులో, హిందీలో రెండుసార్లు చెప్పారు. ఆ తిత్తుల మీద నా చేత్తో ఈ దిండు పెట్టేదాన్ని. ఇంకో గంట ఆలస్యంగా వచ్చుంటే నేను దిండు కుట్టేసేదాన్ని, లోపలున్నది కాకా కంటపడేదే కాదు. లేచి ఆయన కాళ్లు పట్టుకున్నాను. "లే పిల్లా, గవేం పనులు" అని కసిరాడు గానీ, ఆయన కళ్లూ తడిశాయి.

అంతలో గోడ అవతల కొక్కేలతో గొట్టాలు గీకే చప్పుడు మొదలైంది. మా వంటగది కిటికీ అటువైపే. కిటికీ చువ్వల మీద తెల్లటి పొడి ఉంది. పది రోజులుగా పిండి అనుకొని తుడుస్తున్నాను.

"యార్డు బంద్ పెట్టియ్యాలె. ఆయన వచ్చే లోపల" అన్నాను.

గంగవ్వ పెద్దమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఏం మాట్లాడుతున్నవే? నీ మొగనికి ఊపిరి ఇచ్చిన మారాజు. ఆయన కడుపు మీద కొడ్తవా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టుడంటె ఇదే."

ఆ మాట నాకు సూదిలా దిగింది, ఎందుకంటే నేనూ అదే అనుకుంటున్నాను. ఆ మనిషి ముందు నిలబడితే దండం పెట్టడం తప్ప నాకు ఇంకోటి చేతకాదు. కానీ చువ్వల మీద ఆ తెల్లపొడి చూస్తూ ఇంట్లో కూర్చోవడం కూడా నా వల్ల కాలేదు. అన్నం గిన్నె దించి, అలవాటు ప్రకారం మొదటి వడ్డన డబ్బాలో పెట్టి, మూత బిగించి, ఆగయ్య కాకాను వెంటపెట్టుకొని బయల్దేరాను.

యార్డులో నలుగురు కూలీలు మూతులకు రుమాళ్లు కట్టుకొని గొట్టాలు గీకుతున్నారు. వాళ్ల కనుబొమ్మలు ముసలివాళ్లవిలా తెల్లబడ్డాయి. విశ్వనాథం గారు రేకుల పంచలో కుర్చీ వేసుకొని టీ తాగుతున్నారు. నన్ను చూసి మొహమంతా నవ్వారు.

"రామ్మా సుభాషిణీ! ఇవాళే కదా మన హీరో దిగేది. కారు పంపిస్తానన్నాను, ఆటోలో వస్తాడట, మొండిఘటం."

అదీ మనిషి. అలాంటి మనిషికి చెప్పాలి. డబ్బా బల్ల మీద పెట్టాను. కాకా వైపు చూశాను. కాకా నేల వైపు చూస్తున్నాడు. ముప్పై ఏళ్లు బాయిలో, ఆరేళ్లు ఇక్కడ, యజమాని ముందు నోరు విప్పిన అలవాటు లేదాయనకు.

"సారూ, గీ గొట్టాల పని జర ఆపిస్తరా?"

"ఏం, చప్పుడుకు నిద్ర పట్టదా వాడికి? రెండు రోజులు ఓర్చుకోమను. మిల్లు వాళ్లు ఎల్లుండికల్లా కావాలంటున్నారు."

"చప్పుడు కాదు సారూ. దుమ్ము. అది దూది కాదంట. మనుషుల పాణం తీసేదంట."

ఆయన నవ్వు మెల్లగా పోయింది. "ఎవరన్నారు?"

"నేనే అన్న సారూ" అన్నాడు కాకా, నేల వైపే చూస్తూ.

"ఆగయ్యా! పొద్దున రైలు దిగావు, మధ్యాహ్నానికి నా యార్డు మూయిస్తున్నావా?" ఆయన కప్పు కింద పెట్టారు. "చూడమ్మా, నలభై ఏళ్లుగా కూలుస్తున్నాను. మిల్లులు కూల్చాను, సినిమాహాళ్లు కూల్చాను. దుమ్ము లేకుండా ఏ గోడా పడదు. మీకు పనికొస్తుందని ఆ దూది ఇచ్చాను. అంటే నేను మీకు విషం పంచానంటావా?"

ఆ మాటకు నా కళ్లలోంచి నీళ్లు జలజలా రాలాయి. ఏడుస్తూనే కోపం వచ్చింది. నాకు రెండూ కలిసే వస్తాయి, ఏం చెయ్యను.

"మీరు ఊపిరి పంచిండ్రు సారూ! పదకొండు రోజులు పని బంద్ పెట్టి పంచిండ్రు. మా ఇంటాయన తీసుకునే ప్రతి శ్వాస మీరిచ్చిందే. దాన్ని మీ గోడ మీదికెళ్లి వచ్చే దుమ్ము తినిపోతాంటె, మొహమాటపడి నోరు మూసుకోమంటరా? వేరేటోళ్ల యార్డయితే మున్సిపాలిటీకి ఫోన్ కొట్టి ఊకుందును. మీది గాబట్టి మీ కాడికొచ్చిన. తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్ననని మా పెద్దమ్మ తిట్టింది. నేను లెక్కపెడ్తలేను సారూ, వాసానికి చెద పట్టిందని చెప్తున్న."

కూలీలు గీకడం ఆపి మా వైపు చూశారు. విశ్వనాథం గారు కాకాను అడిగారు, "నీకెలా తెలుసు? సరిగ్గా చెప్పు."

అప్పుడు కాకా తలెత్తాడు.

"మా బాయిల కనకయ్యని నా జోడీ ఉండె సారూ. బాయిలర్ గొట్టాలకు గిదే చుట్టేటోడు. బలే పహిల్వాన్. పని ఇడిసిపెట్టిన ఇరవై ఏండ్లకు దగ్గు మొదలైంది. మెట్టు ఎక్కలేకపాయె. ఆఖరికి అన్నం ముద్ద నమిలేందుకు దమ్ము సాలకపాయె. డాక్టర్లు ఫోటో తీసి చెప్పిండ్రు, ఇదే నార అని. సరే, ఆయనంటె బాయిల పనిచేసిండు. ఆయన పెండ్లాం కొమురవ్వ ఒక్కనాడు గూడ బాయి గేటు దాటలే. ఆయన అంగీలు దులిపి ఉతికింది, గంతే. రెండేండ్లకు ఆమె గూడ అట్లనే పోయింది."

విశ్వనాథం గారు తన చొక్కా చేతుల వైపు చూసుకున్నారు. తెల్లచొక్కా కాబట్టి దుమ్ము కనబడటం లేదు. ఆయన వేలితో మోచేతి దగ్గర గీశారు. వేలికి పొడి అంటింది. ఆ చొక్కాలు ఇంట్లో వాళ్లావిడ ఉతుకుతుంది.

"బాయి మూసుడంటె గోడలు కూల్చుడే కాదు సారూ" అని కాకా ఇంకా చెప్పాడు. ఒకసారి మొదలుపెట్టాక ఆయనకు ఆగాలనిపించినట్టు లేదు. "లోపట యాభై ఏండ్ల సరుకు ఉంటది. ట్రాన్స్‌ఫార్మర్ నూనె ఉంటది, బ్యాటరీ దీపాల ఆసిడ్ ఉంటది, పైన సిమెంట్ రేకులుంటయి, గొట్టాలకు గిదుంటది. ముందుగాల గివన్నీ ఒక్కొక్కటి తీసి, తడిపి, మూట గట్టి, సర్కారు చెప్పిన గుంతల పూడ్వాలె. అటెన్క గోడ మీద చెయ్యి వెయ్యాలె. మిషన్ పెట్టి ఒక్కపారి గుద్దితె అంతా వాగుల గలుస్తది, గాలిల గలుస్తది. బాయి సచ్చినంక ఊరిని చంపుతది."

విశ్వనాథం గారు లేచారు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను, నిజంగానే భయపడ్డాను. ఆయన కూలీల వైపు తిరిగి, అంతా ఆపండి, ఎవరూ చెయ్యి పెట్టొద్దని హిందీలో గట్టిగా అరిచారు.

"బంద్ కరో! సబ్ బంద్! కోయీ హాథ్ మత్ లగానా!"

కొక్కేలు కింద పడ్డాయి. యార్డులో పక్క కార్ఖానాల మగ్గాల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఆయన నా వైపు చూశారు. "మిల్లు వాళ్లు తిడతారు. తిట్టనీ" అన్నారు. తర్వాత కాకా దగ్గరికి వెళ్లి, "ఆగయ్యా, ఇప్పుడేం చెయ్యాలో నువ్వు చెప్పు. మేం చేస్తాం" అన్నారు.

ఆరేళ్లుగా గేటు తీయి, గేటు వేయి అన్న మాటలే విన్న మనిషికి ఆ ఒక్క మాట చాలు. కాకా భుజం మీద తువ్వాలు తీసి నడుముకు బిగించాడు. మొదట కూలీలను పక్కకు తప్పించి ఒళ్లు, తలలు కడుక్కోమన్నాడు. గొట్టం పెట్టి నీళ్లు మెల్లగా చల్లించాడు. ఒలిచిన నార మీద, గొట్టాల మీద టార్పాలిన్లు కప్పించి, గాలికి లేవకుండా అంచుల మీద ఇటుకలు పేర్పించాడు. కాలువలోకి నీళ్లు పోకుండా ఇసుక సంచులు అడ్డం వేయించాడు. విశ్వనాథం గారు ప్రమాదకరమైన చెత్త తీసుకెళ్లే కంపెనీ నంబరు కోసం ఎవరెవరికో ఫోన్లు చేశారు. నేను ఇంటికొచ్చి తడిగుడ్డతో చువ్వలు, కిటికీ, నేల, మంచం కోళ్లు మూడుసార్లు తుడిచాను. తుడిచిన గుడ్డల్ని కూడా మూట కట్టాను. గంగవ్వ పెద్దమ్మ పక్కన కూర్చొని నీళ్లు అందించింది. కాసేపటికి, "నా నోట్ల మన్ను పడ. ఏమనుకోకు బిడ్డా" అంది. ఆ దూది పాయలు తీసిన చేతులు పట్టుకొని, "డాక్టరమ్మకు చూపిద్దాం పెద్దమ్మా, ఒక్కనాటికేం కాదంట" అన్నాను.

అర్జున్‌కు మాత్రం ఫోన్ కలవలేదు. ఆ అడవిలో సిగ్నల్ ఉండదు. విశ్వనాథం గారు పదిసార్లు చేసి ఉంటారు. "రేపు పొద్దున లారీలో ఆగయ్యను పంపిస్తాను. అక్కడ ఏది ముట్టుకోవాలో, ఏది ముట్టుకోకూడదో ఈయన చెప్పేదాకా మిషన్ కదలదు" అన్నారు.

మూడు గంటలకు ఆటో వచ్చింది. పరుశురాం దిగాడు. సగమైపోయాడు. చొక్కా వంకెకు తగిలించినట్టు వేలాడుతోంది. గుమ్మం దాకా పన్నెండు అడుగులు. మధ్యలో ఒక్కసారే ఆగాడు. ముక్కుకు గొట్టం లేదు, పక్కన సిలిండర్ లేదు. తన ఊపిరి తనే తీసుకుంటూ నడిచి వచ్చాడు. ఏడవకూడదని ఎంత అనుకున్నానో. ఎక్కడ ఆగుతుంది?

"ఏందే, బతికొచ్చినందుకు ఏడుస్తున్నవా?" అన్నాడు.

విశ్వనాథం గారు గుమ్మం బయటే, దూరంగా నిలబడ్డారు. స్నానం చేసి బట్టలు మార్చుకొని వచ్చారు. మా ఆయన వంగి కాళ్లకు దండం పెట్టబోతే ఆయన గాభరాగా ఆపారు. "నాకు కాదయ్యా. మీ ఆవిడకు పెట్టు, ఆగయ్యకు పెట్టు. నేను ఇచ్చినదాన్ని నేనే లాగేసుకునేవాణ్ని, వీళ్లు ఆపారు" అన్నారు. మా ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ముగ్గురికీ చేతులెత్తి మొక్కాడు. పెళ్లైన పద్దెనిమిదేళ్లలో నాకు మొక్కడం అదే మొదటిసారి. గంగవ్వ పెద్దమ్మ పకపకా నవ్వింది. మేమంతా నవ్వాం. కిటికీ తెరిచే ఉంది, అందులోంచి తడి మట్టి వాసన తప్ప ఏమీ రాలేదు. మా గదిలో అంత మంచి గాలి నేనెప్పుడూ పీల్చలేదు.

అప్పుడు మోగింది విశ్వనాథం గారి ఫోన్. అర్జున్. మాట సరిగా వినపడక ఆయన స్పీకర్ పెట్టారు.

"నాన్నా! పదిసార్లు చేశారేంటి? సిగ్నల్ కోసం గుట్టెక్కాను."

"ముందు నువ్వు మిషన్ ఆపించరా. బాయిలర్ గదిలో ఎవరూ అడుగు పెట్టొద్దు. ఆ దూది ముట్టుకోవద్దు."

"బాయిలర్ గదా? అది సోమవారమే పడగొట్టేశాం. మీరు చూడాల్సింది, ఒక్క దెబ్బకు కూలింది! రెండు రోజులు కింద ఊరంతా తెల్లగా మంచు పడ్డట్టే." అతని గొంతులో హుషారు పొంగుతోంది. "ఇంకో మంచి మాట నాన్నా. దూది పారేయలేదు. మీరక్కడ మెస్సు ఆమెకు ఇచ్చారని లారీ డ్రైవర్ చెబితే విని, నేనూ ఇక్కడ ఊళ్లో పంచాను. బళ్లు కట్టుకొని వచ్చి తీసుకెళ్లారు. ఊరంతా మీకు దండాలు చెప్పమంటున్నారు. ఆదివారం మీరు రావాలట, సన్మానం చేస్తారట."

విశ్వనాథం గారు ఫోన్‌ను పక్కకు చాపారు. ఆగయ్య కాకా ముందుకు వంగి, ఫోన్ దగ్గర నోరు పెట్టి మెల్లగా అడిగాడు.

"ఎన్ని ఇండ్లకు పంచినవ్ బాబూ?"

"నూట నలభై ఇళ్లు, ఆగయ్యా. అందరికీ సరిపోయింది. మిగిలింది పసిపిల్లల ఉయ్యాలల్లోకని ఆడవాళ్లు పట్టుకెళ్లారు."